కొండ ఊట నుంచి ఊరికి గ్రావిటీ నీళ్లు: హక్కు, దిగువ ఊరి వాటా, పైపులైను

మెట్టదారి · జనవరి 19

పాడేరు డివిజన్‌లో కొండమీది ఊరు. 42 గడపలు, 190 మంది. ఊరికి పైన రిజర్వు ఫారెస్టులో ఊట ఉంది, నడకదారిన 1.8 కిలోమీటర్లు. ట్యాంకు కట్టాలనుకున్న చోటికంటే ఊట 95 మీటర్లు ఎత్తున ఉందని ఫోన్ చూపిస్తోంది. ఈ వారం 20 లీటర్ల డబ్బా 27 సెకన్లలో నిండింది. దారిలో ఒక గెడ్డ (వాగు) దాటాలి. గెడ్డ అడుగు ట్యాంకు చోటికంటే మరో 20 మీటర్లు పల్లం.

ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ఎస్టిమేట్‌లో బోరు, సోలార్ మోటారు ఉన్నాయి. ఊరికి మోటారు లేకుండా వాలుకి దిగే గ్రావిటీ నీళ్లే కావాలి. ఊట దగ్గర తవ్వబోతే ఫారెస్టు బీటు ఆఫీసరు ఆపించారు. దిగువన 23 గడపల ఊరు ఉంది. ఊట నీళ్లు వాళ్ల గెడ్డలోకే దిగుతాయి కాబట్టి వాళ్లూ ఒప్పుకోవడం లేదు.

అనుమతి ఎవరివ్వాలి? నీళ్లు చాలతాయా? ఏ సైజు పైపు? దిగువ ఊరితో రేపు తగువు రాకుండా ఏం రాసుకోవాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఊటచెలమ · జనవరి 19

జనవరి కొలతతో పథకం వెయ్యకండి. 27 సెకన్లకి 20 లీటర్లంటే నిమిషానికి 44 లీటర్లు, చూడ్డానికి బాగానే ఉంటుంది. తూర్పు కనుమల్లో ఊటలు ఏప్రిల్ చివరికి ఇందులో మూడో వంతుకి పడిపోవడం మామూలే. ఏప్రిల్ మూడో వారం నుంచి తొలకరి దాకా వారానికోసారి కొలవండి. ఆ కొలతల్లో అన్నిటికంటే తక్కువ వచ్చిందే మీ ఊట.

కొలిచే పద్ధతి: ఊట కింద బంకమట్టితో చిన్న అడ్డుకట్ట వేసి, నీరంతా ఒక పైపుముక్క గుండా పడేలా చెయ్యాలి. పక్కల నుంచి జారిపోయే నీళ్లుంటే లెక్క తప్పుతుంది. కట్ట వేసిన వెంటనే కొలవకుండా పది నిమిషాలు ఆగి, మట్టం నిలకడపడ్డాక మూడుసార్లు పట్టి సగటు తీయండి. తేదీ, సెకన్లు ఒక నోటుబుక్కులో రాసి దిగువ ఊరి మనిషితో కూడా సంతకం పెట్టించండి. తర్వాత వాటాల మాట వచ్చినప్పుడు ఆ పుస్తకమే సాక్ష్యం.

ఎత్తుకి ఫోన్‌ని నమ్మొద్దు. పది ఇరవై మీటర్లు తేడా కొట్టడం దానికి మామూలు. మేస్త్రీల దగ్గర ఉండే లెవెల్ ట్యూబ్ చాలు: పారదర్శకంగా ఉన్న 15 మీటర్ల గొట్టం, రెండు గుర్తుకర్రలు. గాలి బుడగలు లేకుండా నింపి, పైపు పోయే దారినే దిగుతూ రండి. ముగ్గురు మనుషులకి ఒకటి రెండు రోజుల పని. ఊట, గెడ్డ అడుగు, ట్యాంకు స్థలం, ఊళ్లో అందరికంటే ఎత్తున ఉన్న ఇల్లు: ఈ నాలుగు చోట్ల మట్టాలు తప్పకుండా కావాలి.

ఫారం_బి · జనవరి 20

అనుమతి వేరు, హక్కు వేరు. ముందు ఆ తేడా పట్టుకోండి.

అనుమతి సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) కింద తాగునీటి సరఫరా, నీటి పైపులైన్ల కోసం అటవీ భూమి వాడుకోవచ్చు. షరతులు మూడు: ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకి 75 చెట్లకి మించి నరకకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. మీ కందకం 1,800 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు వేసుకున్నా 900 చదరపు మీటర్లు, అంటే హెక్టారులో పదో వంతుకి కూడా రాదు. చెట్లు తప్పించి పైపు తిప్పితే ఆ లెక్కా సున్నా.

చాలా ఊళ్లు పొరబడేది ఇక్కడే. ఈ సెక్షన్ ప్రభుత్వం నిర్వహించే సదుపాయాలకి మాత్రమే వర్తిస్తుంది. ఊరి పేరు మీదో, సంస్థ పేరు మీదో దరఖాస్తు పెడితే వెనక్కి వస్తుంది. ఫారం-ఎ నింపాల్సింది ఆర్‌డబ్ల్యూఎస్. దానికి గ్రామసభ తీర్మానం జత చెయ్యాలి. రేంజి ఆఫీసరు స్థలం చూసి డీఎఫ్‌ఓకి (డివిజన్ అటవీ అధికారికి) నివేదిక ఇస్తారు, డీఎఫ్‌ఓ ఒప్పుకుంటే పని మొదలు. ఒప్పుకోకపోతే ఫైలు కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి పోతుంది. కాబట్టి బీటు ఆఫీసరుతో వాదన పెట్టుకుని లాభం లేదు, ఆయన చేతిలో ఏమీ లేదు.

ఇక హక్కు. ఊట మీద ఊరి హక్కు నిలబడాలంటే ఫారం-బి కింద సామూహిక హక్కు క్లెయిము వెయ్యాలి. ఇతర సంప్రదాయ హక్కుల గడిలో ఊట పేరు, హద్దులు, తాగడానికి, పశువులకి ఎన్నాళ్లుగా వాడుతున్నారో రాయండి. మనుషులకీ పశువులకీ నీటి వనరులనేవి సామూహిక హక్కుకి సాక్ష్యమని నిబంధనల్లోనే ఉంది. పెద్దల వాంగ్మూలం రాతపూర్వకంగా ఒకటి, పాత రాతికట్టో, ఊట దగ్గర పూజ చేసే చోటో ఉంటే దాని వివరం ఒకటి. ఒకటికంటే ఎక్కువ సాక్ష్యాలు ఉండాలి. గ్రామసభలో సగం మంది హాజరు కావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. కోరం లేని తీర్మానాన్ని సబ్ డివిజన్ కమిటీ మొదటి చూపులోనే తిప్పి పంపుతుంది. తిరస్కరిస్తే 60 రోజుల్లో అప్పీలు.

కొండకర్ర · జనవరి 20

ఇన్ని కాగితాలు ఎందుకండీ. చుట్టుపక్కల ఎన్ని ఊళ్లు పైపు కొనుక్కుని, రాత్రికి రాత్రి గెడ్డలో పడేసి నీళ్లు తెచ్చుకోలేదు? ఎవరు ఆపారు?

పదికేజీల_పైపు · జనవరి 20

@కొండకర్ర ఎవరూ ఆపరు, నిజమే. నేల మీద పడుండే నల్ల గొట్టాలు ఏజెన్సీ అంతటా కనిపిస్తాయి, వాటిలో చాలా ఎండిపోయినవే. పోడు కాల్చినప్పుడు కరిగిపోతాయి. ముళ్లపందులు, ఎలుకలు కొరుకుతాయి. పైన అల్లం తోట వేసినవాడు మధ్యలో కోసి టీ జాయింటు బిగిస్తాడు. అతన్ని అడగడానికి ఊరి చేతిలో ఏ కాగితమూ ఉండదు, ఎందుకంటే ఊరి పైపు కూడా కాగితం లేకుండానే వచ్చింది కదా.

ఫారం_బి · జనవరి 20

అదీ సంగతి. పైగా లెక్కల్లో లేని పైపుకి మరమ్మతు నిధులు రావు. పంచాయతీ రికార్డులో ఆస్తిగా ఎక్కితేనే రేపు పైపు మార్చమని అడగగలరు.

ఇంకోటి మరిచాను. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకి అప్పగించాలని 1996 పీసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం) సెక్షన్ 4(జె) చెబుతోంది. మన రాష్ట్రంలో 2011 నిబంధనల ప్రకారం పీసా గ్రామసభకి ఉపాధ్యక్షుడు, కార్యదర్శి ఉంటారు. తీర్మానం ఆ సభలోనే చెయ్యండి, పంచాయతీ మొత్తం సభలో కాదు. పది శివారు ఊళ్లున్న పంచాయతీలో మీ ఊట గురించి మాట్లాడే మనిషే దొరకడు.

దిగువగెడ్డ · జనవరి 21

దిగువ ఊరి మాట కూడా వినండి. 23 గడపలకి వేసవిలో ఆ గెడ్డ ఒక్కటే దిక్కు. తాగేదీ అదే, నాలుగు మడులు తడిసేదీ అదే. పైన ఊట మొత్తం పైపులో పెట్టేసి, మిగిలితే మీకు అంటే ఏప్రిల్‌లో మిగిలేది ఏముంటుంది? "దిగువకి నీరు వదులుతాం" అని తీర్మానంలో ఒక వాక్యం రాసి చేతులు దులుపుకోవడం చాలా చోట్ల చూస్తున్నదే. ఎంత వదులుతారు, ఎవరు కొలుస్తారు?

ఊటచెలమ · జనవరి 21

న్యాయమైన ప్రశ్న. వాటాని మాటలో కాదు, రేకులో పెట్టాలి.

ఊట గది (ఊట నీరు పట్టడానికి కట్టే గది) పక్కన చిన్న పంపకపు తొట్టి కట్టండి, మీటరు పొడవు చాలు. అడ్డుగోడలో 3 మి.మీ. మందం స్టెయిన్‌లెస్ స్టీలు ప్లేటు బిగించాలి. దానికి ఒకే మట్టంలో, ఒకే డ్రిల్ బిట్‌తో 8 మి.మీ. రంధ్రాలు పది. ఏడు రంధ్రాల నీళ్లు ఊరి పైపు వైపు, మూడు రంధ్రాల నీళ్లు గెడ్డ వైపు. రంధ్రాల మట్టం ఒకటే కాబట్టి ఊట పెరిగినా తగ్గినా 70:30 మారదు. నిమిషానికి 15 లీటర్లు వస్తే ఒక్కో రంధ్రం మీద మూడున్నర సెంటీమీటర్ల నీరు నిలుస్తుంది, అది సరిపోతుంది. రంధ్రాలకి 15 సెంటీమీటర్ల పైన పొర్లు అంచు పెట్టండి. వానల్లో నీరు పెరిగితే ఆ అంచు దాటి మొత్తం గెడ్డలోకే పోతుంది. అప్పుడు ఊరి ఏడు రంధ్రాలూ కలిపి సెకనుకి 0.36 లీటరుకి మించి తీసుకోలేవు.

వెడల్పాటి గాడి పెట్టి పంచమని కొందరు చెబుతారు. పెద్ద కాలవకి బాగుంటుంది, ఇంత సన్న ధారకి పనికిరాదు. 20 సెం.మీ. గాడి మీద నీరు ఎనిమిది మిల్లీమీటర్లు కూడా ఎక్కదు, ఒక ఆకు అడ్డం పడితే వాటాలు తారుమారు. రంధ్రాల ముందు కూడా జాలి ఉండాలి. రంధ్రాల నీరు రెండు వైపులా గాల్లో పడాలి, అవతల నీరు నిలిచి రంధ్రం మునిగితే లెక్క పోతుంది.

దిగువగెడ్డ · జనవరి 22

ప్లేటు సంగతి బాగుంది. 30 వంతు ఎవరు ఖాయం చేశారు?

ఊటచెలమ · జనవరి 22

ఎవరూ చెయ్యలేదు, ఉదాహరణకి చెప్పాను. రెండు ఊళ్లూ కూర్చుని తేల్చుకోవాలి. కూర్చునే ముందు ఏప్రిల్‌లో దిగువ ఊరి నీళ్లరేవు దగ్గర కూడా గెడ్డ ఒరవడి కొలవండి. మధ్యలో పక్క ఊటలు కలిస్తే పై ఊట మీద దిగువ ఊరి ఆధారం అనుకున్నంత ఉండదు. ఏవీ కలవకపోతే 30 చాలదు, 40 అడగడం సబబే. మనుషుల లెక్కన అయితే తాగునీటికి తలకి 55 లీటర్లు, జల్ జీవన్ మిషన్ (కేంద్రం ఇంటింటికీ కుళాయి పథకం) ప్రమాణం అదే. మడుల తడి ఆ తర్వాత.

పదికేజీల_పైపు · జనవరి 24

పైపు సైజుకి వస్తాను. మీ ఎస్టిమేట్‌లో గ్రావిటీకి మారిస్తే 63 మి.మీ. పైపు రాసే అవకాశం ఎక్కువ. లావు పైపుంటే నీళ్లెక్కువ వస్తాయని అందరూ అనుకుంటారు. పైపు నీళ్లని పుట్టించదు కదా, ఊట ఇచ్చిందే మోస్తుంది.

సెకనుకి 0.2 లీటరు పారుదలకి లెక్క: 32 మి.మీ. సైజు, 10 కేజీల ప్రెషర్ తట్టుకునే హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు (ఐఎస్ 4984, పీఈ 100), లోపలి వ్యాసం 28 మి.మీ. అనుకుంటే 1,800 మీటర్లకి రాపిడిలో పోయేది పదిన్నర మీటర్ల ఎత్తు. మీకు 95 ఉంది. 25 మి.మీ. పైపుకి అదే దూరానికి 42 మీటర్లు పోతుంది, అయినా ఇంకా మిగులుతుంది. 63 వేస్తే నీటి వేగం సెకనుకి 8 సెంటీమీటర్లు. ఇసుక, ఒండ్రు గెడ్డ దగ్గర వంపులో కూర్చుంటాయి, పైపు ఎప్పటికీ నిండదు, గాలి పట్టేసి ఊరికి చుక్క రాదు. ఖర్చు మూడింతల పైనే, ఫలితం ఇది.

ప్రెషర్ సంగతి: 10 మీటర్ల దిగుడుకి కేజీ. గెడ్డ అడుగు ఊట కంటే 115 మీటర్లు కింద ఉంది. చివర వాల్వ్ ఎవరైనా మూస్తే అక్కడ పదకొండున్నర కేజీలు పడుతుంది. 10 కేజీల పైపు పగలకపోయినా జాయింట్లు వదిలేస్తాయి. కాబట్టి మధ్యలో ప్రెషర్ బ్రేక్ తొట్టి తప్పదు. ఊట నుంచి 50 మీటర్లు దిగాక కట్టండి, మీటరు పొడవు, మీటరు వెడల్పు చాలు. నీరు అందులో బయటి గాలిలోకి పడి ప్రెషర్ సున్నా అవుతుంది, అక్కణ్ణుంచి మళ్లీ మొదలు. గెడ్డ దగ్గర గరిష్ఠం ఆరున్నర కేజీలే. తొట్టికి ఊపిరి గొట్టం, పొర్లు గొట్టం, తాళం వేసే మూత ఉండాలి.

సైట్_ఇంజనీర్ · జనవరి 24

లెక్క సరిగ్గా ఉంది, ఒక్క సవరణ. తొట్టి నుంచి ట్యాంకు దాకా 45 మీటర్ల ఎత్తుంది, సుమారు 900 మీటర్ల పైపుకి 32 మి.మీ.లో పోయేది ఐదు మీటర్లే. అంటే పైపు తొట్టిలో నీళ్లకంటే వేగంగా లాగేస్తుంది, తొట్టి ఖాళీ అయ్యి గాలి మింగుతుంది. ఆ గాలి గెడ్డ దాటాక ఎక్కే మలుపులో ఇరుక్కుంటుంది. రెండో ముక్కకి 25 మి.మీ. వేస్తే 21 మీటర్లు పోతుంది, 45 ఎత్తుకి సెకనుకి 0.3 లీటరు దాకా పారుతుంది. ఊటకి దగ్గరగా సరిపోయింది. పై ముక్క 32 ఉంచండి, ఆకుముక్కలు, సున్నపు పొర ముందు చేరేది అక్కడే. పై ముక్కకి కూడా తొట్టిలోకి పడే చోట గొట్టం నిండా నీరుండేలా వాల్వ్ బిగించాలి.

ట్యాంకు మూతి దగ్గర ఒక వాల్వ్ పెట్టి, పైపు నిండా నీరుండేలా కొంత బిగించి, చక్రం తీసి దాచెయ్యండి. పూర్తిగా మూయాల్సి వస్తే ఊట దగ్గరే మూయాలి.

పైపు దారి గీసేటప్పుడు ఇంకో సంగతి. మధ్యలో ఏ గుట్టా ఊట మట్టానికి దగ్గరగా లేవకూడదు. తొట్టి నుంచి ట్యాంకుకి గీసిన వాలు గీతకి పైన పైపు ఎక్కిందంటే నీళ్లు ఆగిపోతాయి. ఎక్కిదిగే ప్రతి మెట్టు మీదా ఎయిర్ వాల్వ్, ప్రతి పల్లంలో కడుగు వాల్వ్. గెడ్డ దాటే 12-15 మీటర్లు మాత్రం జీఐ (జింకు పూత ఇనుప) పైపు వేసి రెండు గట్లకీ కాంక్రీటు దిమ్మెలతో పట్టించండి. ప్లాస్టిక్ పైపుని గెడ్డలో రాళ్లమీద పరిస్తే మొదటి వరదకే పోతుంది.

పదికేజీల_పైపు · జనవరి 24

25 రెండో ముక్కకి ఒప్పుకుంటాను. జాయింట్లకి గొట్టం వేడిచేసి అతికించొద్దు, ఈ సైజుల్లో కంప్రెషన్ కప్లర్ చాలు, పానా ఉంటే ఊరి కుర్రాడే బిగిస్తాడు. కోసిన అంచు నున్నగా చెయ్యకపోతే లోపలి రబ్బరు చిట్లుతుంది, లీకుల్లో ఎక్కువ భాగం దానివల్లే. కందకం కనీసం 60 సెం.మీ., రాళ్లు తీసిన మట్టి ముందు, మిగతాది తర్వాత. రాతినేల వచ్చి తవ్వలేకపోతే అక్కడ జీఐ. పొడవుకి పది శాతం పైపు ఎక్కువ కొనండి, కొండ మీద టేపు కొలతకి పైపు సరిపోయిన సందర్భం లేదు.

ఊటచెలమ · ఫిబ్రవరి 2

ఊట గది గురించి ఎవరూ రాయలేదు, అక్కడే పథకాలు చచ్చిపోతాయి.

ఊట కన్ను పైకి వచ్చే చోటు నుంచి వెనక్కి, కొండలోకి, గట్టి రాయి తగిలేదాకా మెల్లగా మట్టి తీయాలి. గునపంతో కన్నుని పొడవకూడదు, జెలటిన్ (పేలుడు మందు) మాట అసలు ఎత్తకూడదు. తూర్పు కనుమల్లో పైన లేటరైట్ లేదా బాక్సైటు టోపీ, కింద ఖొండలైటు రాయి. టోపీ పీల్చిన నీరు రాయి పైభాగాన జారి బయటపడేదే ఊట. ఆ సందు పగిలితే నీరు కిందికి ఇంకో దారి వెతుక్కుంటుంది.

ముఖ్యమైన నియమం: గదిలో నీటి మట్టం కన్ను మట్టానికి ఎప్పుడూ పైకి ఎక్కకూడదు. పొర్లు గొట్టం కన్నుకంటే తక్కువలో ఉండాలి. నీరు ఎక్కువ నిలపాలన్న ఆశతో గోడ ఎత్తు పెంచితే ఎదురు ఒత్తిడికి ఊట పక్కకి తిరుగుతుంది, రెండో ఏటికి గది ఎండి పక్కన బురద ఊరుతుంది.

కన్ను ముందు కడిగిన గులకరాళ్లు, 20-40 మి.మీ. సైజు. వాటి మీద బంకమట్టి పొర తొక్కించి, పైన మామూలు మట్టి. గదికి గొట్టాలు మూడు: అడుగునుంచి 10-15 సెం.మీ. పైన జాలి తొడిగిన బయటి గొట్టం, పొర్లు గొట్టం, అడుగున కడుగు గొట్టం. మూత అంచు బయటికి వాలి ఉండాలి. ఎగువన 8-10 మీటర్ల దూరంలో వాన నీరు పక్కకి పోయేలా కాలవ. చుట్టూ కంచె. కంచె లోపల పశువులు, ఎగువన 30 మీటర్లలో మరుగుదొడ్డి, తోటలకి మందులు కొట్టడం, ఏవీ ఉండకూడదు.

పసుపుతోట · ఫిబ్రవరి 3

ఊటచెలమ అన్నా, ఇది నిజంగా ఊటే అయితే వడపోత అక్కర్లేదు. గెడ్డ మీద అడ్డుకట్ట వేసి తీసుకుంటే మాత్రం తప్పదు. ఏజెన్సీలో గ్రావిటీ స్కీములని పిలిచేవాటిలో చాలా గెడ్డ నీళ్లే, వానల్లో ఎర్రగా వస్తాయి, విరేచనాలు మొదలవుతాయి. సెకనుకి 0.2 లీటరుకి ఐదు చదరపు మీటర్ల నెమ్మది ఇసుక వడపోత కావాలి, సన్న ఇసుక 80-90 సెం.మీ. మందం, అడుగున గులకరాళ్లు. పై పొర జిగురు పట్టి నీరు తగ్గినప్పుడు ఒకటి రెండు సెంటీమీటర్లు గీకి తీస్తే చాలు, మొత్తం తవ్వి కడగకూడదు.

ఊట అయినా బ్లీచింగ్ మానొద్దు. 10,000 లీటర్ల ట్యాంకుకి 25-30 గ్రాములు, బకెట్‌లో కలిపి, సున్నం తేరుకున్నాక పైనీరు మాత్రం పొయ్యాలి. అరగంట తర్వాత చివరి ఇంటి కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకి 0.2 మిల్లీగ్రాములు ఉందా చూడాలి. పాత బ్లీచింగ్ సంచి తెరిచి పెడితే ఘాటు పోతుంది, అప్పుడు ఎన్ని గ్రాములేసినా ఒకటే. హెచ్‌టూఎస్ సీసాలో నీళ్లు పోసి ఉంచితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడిందంటే మలం కలిసినట్టు. సీసా ఊట దగ్గర, ట్యాంకు దగ్గర, కుళాయి దగ్గర మూడుచోట్ల పెట్టండి. ఊట నుంచి కిందికి చూస్తూ వస్తే ఏ చోటి సీసా మొదట నల్లగా కనబడిందో లోపం దానికి ఎగువన.

కొండకర్ర · ఫిబ్రవరి 3

బోరు వేస్తే ఈ గొడవంతా ఉండదు కదా?

సైట్_ఇంజనీర్ · ఫిబ్రవరి 3

రిగ్గు ఎక్కే రోడ్డుందా అనేది మొదటి ప్రశ్న. ఖొండలైటులో పగులు తగిలితే నీళ్లు, లేకపోతే లేవు, ముందుగా చెప్పడం కష్టం. సోలార్ మోటారు కంట్రోలరు పోతే మండలం నుంచి మనిషి రావాలి. అలాగని బోరు వద్దని కాదు. ఎస్టిమేట్‌లో ఉన్న బోరుని చేతిపంపుగా మార్చి ఉంచుకోండి, మేలో ఊట తగ్గినప్పుడు ఆసరా. ఎస్టిమేట్ మార్చడానికి గ్రామసభ తీర్మానంతో పాటు ఏప్రిల్ కొలతల పుస్తకం నకలు ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) ఇవ్వండి. కొలత లేకపోతే ఊటని నమ్మి సంతకం పెట్టే ఇంజనీరు ఉండడు.

మెట్టదారి · మే 11

అందరికీ నమస్కారం. ఏప్రిల్ నుంచి కొలతలు తీశారు. అన్నిటికంటే తక్కువ వచ్చింది మే మొదటి వారంలో, 20 లీటర్లకి 80 సెకన్లు. లెవెల్ ట్యూబ్‌తో ఎత్తు 91 మీటర్లు తేలింది. దిగువ రేవు దగ్గర మధ్యలో కలిసే ఊట ఒకటి ఉంది, అది నిమిషానికి 6 లీటర్లు. ఇప్పుడు లెక్క చూసి చెప్పండి.

ఊటచెలమ · మే 11

నిమిషానికి 15 లీటర్లు, రోజుకి 21,600. దిగువకి 30 వంతు అంటే 6,480 పోను మీకు 15,120. మీ 190 మందికి 55 చొప్పున 10,450, లీకులకి 15 శాతం కలిపితే 12,000 పైచిలుకు. చాలుతుంది. ఊరు 250 మందికి పెరిగితే 16,000 కావాలి, అప్పుడు చాలదు. అందుకని ఈ ఊట నీళ్లు తోటలకి ఇవ్వబోమని తీర్మానంలో ఇప్పుడే రాయండి.

దిగువ ఊరికి పక్క ఊటతో కలిపి నిమిషానికి పదిన్నర లీటర్లు, అంటే రోజుకి 15,000. గడపకి నలుగురైదుగురు చొప్పున తాగునీరు పోను మడులకి కొంత మిగులుతుంది. 30 న్యాయంగానే ఉంది.

ఎత్తు నాలుగు మీటర్లు తగ్గింది కాబట్టి పైపులో మార్పేమీ లేదు. తొట్టిని మాత్రం 47-48 మీటర్ల దగ్గర కట్టండి.

దిగువగెడ్డ · మే 12

30కి అభ్యంతరం లేదు, రెండు షరతులు. ప్లేటు రెండు ఊళ్ల మనుషులు ఉండగా బిగించాలి, పంపకపు తొట్టికి రెండు తాళాలుండాలి. పక్క ఊట ఎండితే వాటా మళ్లీ మాట్లాడాలి.

ఫారం_బి · మే 12

రెండో షరతు తీర్మానంలో అంకెతో రాయండి: "పక్క ఊట నిమిషానికి ఇన్ని లీటర్లకి తగ్గితే దిగువ వాటా నాలుగు రంధ్రాలు". ప్లేటుకి ముందే పదకొండో రంధ్రం చేసి మరతో మూసి ఉంచొద్దు, రేపెవరైనా తీస్తారు. రెండో ప్లేటు 6:4 చేయించి పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉంచండి.

రెండు గ్రామసభలూ ఒకే పాఠంతో తీర్మానం చెయ్యాలి. ఫారం-బి కూడా ఇద్దరూ వెయ్యండి. ఊట ఒకటే అయినా రెండు ఊళ్లకీ హక్కుండొచ్చు, హద్దు పటంలో పంపకం గుర్తించండి. తర్వాత వీలు చూసుకుని ఊట పైనున్న అడవికి ఫారం-సి కింద సామూహిక అటవీ వనరుల క్లెయిము. అది వస్తే ఎగువన యూకలిప్టస్ వెయ్యడం, పోడు నరకడం ఆపే అధికారం గ్రామసభకే ఉంటుంది. పరీవాహకాన్ని, నీటి వనరులని కాపాడాలని సెక్షన్ 5 ఎలాగూ చెబుతోంది.

ట్యాంకు స్థలం ఎవరి ఆర్‌ఓఎఫ్‌ఆర్ (అటవీ హక్కుల) పట్టాలోనూ పెట్టకండి. అది వారసులకి వస్తుంది గానీ బదిలీ కుదరదు, రాసిచ్చిన కాగితం చెల్లదు. గ్రామకంఠంలో చూడండి. పైపు పట్టా పొలాల గుండా పోతే ప్రతి రైతు దగ్గరా పైపు వెళ్లడానికీ, మరమ్మతుకి తవ్వడానికీ ఒప్పుకోలు రాయించుకోండి.

ఊటచెలమ · మే 13

250 మంది సంగతికి ఇప్పుడే మొదలుపెట్టాల్సిన పని ఇంకోటి: ఊట పైన ఇంకుడు కందకాలు. సిక్కింలో 2008 నుంచి ధారా వికాస్ పేరుతో చేసింది ఇదే. రెండు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు, వాలుకి అడ్డంగా, ఒక వరస ఖాళీకి ఎదురుగా రెండో వరస. కానీ ఊట పైన కనబడే కొండంతా దానికి నీరివ్వదు. రాతి పొరలు ఏ వైపు వాలాయో చూడాలి. పొరలు అవతలి వైపుకి వాలుంటే మీ కందకాలు అవతలి ఊరి ఊటని నింపుతాయి. బాగా నిటారు వాలు మీద తవ్వితే మట్టి జారుతుంది, అక్కడ గడ్డి, పొదలు ఉన్నవి ఉన్నట్టు వదిలెయ్యడమే మేలు.

పసుపుతోట · మే 14

నిర్వహణ డబ్బు మాట. జల్ జీవన్‌లో కొండ, అటవీ ప్రాంతాలకీ, ఎస్సీ ఎస్టీలు సగానికి పైగా ఉన్న ఊళ్లకీ ప్రజల వాటా ఊరి లోపలి పనుల ఖర్చులో 5 శాతం, శ్రమగా కూడా ఇవ్వొచ్చు. కందకం తవ్విన కూలిని మస్టరులో రాసి పెట్టుకోండి.

తర్వాత నెలకి గడపకి 50 రూపాయలు పెట్టుకుంటే 2,100. పైపు చూసే మనిషికి 1,500, మిగతాది సామాన్లకి. నీటి కమిటీలో సగం మంది ఆడవాళ్లుండాలి, బ్యాంకు ఖాతాకి సంతకం కూడా వాళ్లలో ఒకరిది ఉంటే మంచిది. పెట్టెలో ఎప్పుడూ ఉండాల్సినవి: 32, 25 కప్లర్లు నాలుగేసి, రెండు సైజుల్లో పది మీటర్ల పైపు, కుళాయి తలలు, రెండు పైపు పానాలు, హాక్సా బ్లేడ్లు, టెఫ్లాన్ టేపు. ఒక్క కప్లర్ కోసం సంత రోజు దాకా ఊరంతా ఎండే పరిస్థితి రాకూడదు.

పదికేజీల_పైపు · మే 14

ఇళ్ల కుళాయిల దగ్గర కూడా ఒక మాట. పల్లపు ఇళ్లకి ప్రెషర్ ఎక్కువ, పై ఇళ్లకి చుక్కలు. ప్రతి కనెక్షన్‌కి మొదట్లోనే సన్న రంధ్రం రేకు వెయ్యండి, పల్లపు ఇళ్లకి ఇంకా సన్నది. నిమిషానికి ఐదు లీటర్లకి మించనివ్వకండి. పొద్దున గంటన్నర, సాయంత్రం గంట వదిలితే రాత్రంతా ట్యాంకు నిండుతుంది. 10,000 లీటర్ల ట్యాంకు చాలు.

మెట్టదారి · మే 15

ఒక సందేహం. పంపకపు తొట్టికి రెండు తాళాలంటే, వానల్లో ఆకులు తీయడానికి ప్రతిసారీ ఇద్దరూ రావాలా?

ఊటచెలమ · మే 15

అక్కర్లేదు. తొట్టిని రెండు గదులు చేసి జాలి ఉన్న గదికి ఒక మూత, ప్లేటు ఉన్న గదికి ఇంకో మూత పెట్టండి. జాలి మూత మీ ఫిట్టరు తెరుస్తాడు. రెండు తాళాలు ప్లేటు మూతకే. నెలకోసారి ఇద్దరూ కలిసి తెరిచి, రెండు వైపులా డబ్బా పట్టి, సెకన్లు అదే పుస్తకంలో రాయండి. ప్లేటు రాగిది కాకుండా చూసుకోండి, ఎత్తుకుపోతారు.